తన అమ్మమ్మను తానే కన్న రచయిత్రి

ఆ పిల్లకి అక్షరాలు తలకిందులుగా వచ్చాయి. ఇంటి మగపిల్లలు పుస్తకం ముందేసుకుని పైకి చదువుతుంటే ఎదురుగా కూర్చుని వినేది, చూసేది. పుస్తకం వాళ్ల వైపు తిరిగి ఉండేది కనుక బెంగాలీ వర్ణమాల అంతా ఆమె కళ్లకి కాళ్లు పైకి పెట్టుకునే కనిపించేది. కనిపించిన దాన్ని కనిపించినట్టే పట్టేసుకుంది. అక్షరాభ్యాసం చేయించినవాళ్లు లేరు, చెయ్యి పట్టి దిద్దించినవాళ్లు లేరు. ఆ పిల్ల పేరు ఆశాపూర్ణ. 1909 జనవరి 8న ఉత్తర కలకత్తాలో, అత్తలు, పిన్నమ్మలు, పెత్తల్లులతో కిక్కిరిసిన ఉమ్మడి కుటుంబంలో పుట్టింది. ఆ ఇంటి ఆడపిల్లలు బడి గడప తొక్కకూడదని నాన్నమ్మ నిస్తారిణీదేవి శాసనం. ఐదుగురు కొడుకులను కన్న తల్లి; ఆవిడ మాటకి ఆ ఇంట్లో తిరుగులేదు. బడికెళ్తే ఆడపిల్లకి నోరెక్కువవుతుందని ఆవిడ నమ్మకం.

ఆ మనవరాలు నోరు మెదపలేదు. మెదపకుండానే యాభై ఏళ్లు దాటింది. 1964లో, తన యాభై అయిదో ఏట, ‘ప్రథమ ప్రతిశ్రుతి’ అనే నవలలో సత్యవతి అనే ఎనిమిదేళ్ల పిల్లని మన ముందు నిలబెట్టింది. ఆ పిల్లకి ఎంత నోరనుకున్నారు! బెంగాల్ పల్లెటూళ్ల చరిత్రలోనే అంత నోరున్న పిల్ల పుట్టి ఉండదు. పెళ్లాన్ని కొట్టిన అన్నయ్య మీద వెక్కిరింత పాట కట్టి ఊళ్లో పిల్లలందరి చేతా పాడిస్తుంది. చెట్లెక్కుతుంది, చేపలు పడుతుంది, పెద్దవాళ్ల మాటకి అడ్డం వస్తుంది. అన్నిటికంటే పెద్ద నేరం, ‘ఎందుకు’ అని అడుగుతుంది. మూడు తరాల కథకి ఆ నవల మొదటి భాగం. తర్వాతి పదేళ్లలో ‘సువర్ణలత’, ‘బకుల్ కథ’ వచ్చాయి. సత్యవతి కూతురు సువర్ణలత, సువర్ణ కూతురు బకుళ. బకుళ రచయిత్రి. సత్యవతి కథ తనది కాదనీ, బకుళ నోటుపుస్తకంలోంచి తీసుకున్నదనీ నవల మొదట్లోనే ఆశాపూర్ణాదేవి చెప్పేస్తుంది.

ఆ లెక్క చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. నవల రాస్తున్న మనిషి బకుళ స్థానంలో ఉంది. అంటే సత్యవతి ఆమెకి అమ్మమ్మ వరస. నవలలు రాసేవాళ్లు తమ పోలికలు పెట్టి కథానాయికలను కనడం మనకు తెలుసు. ఆ కన్న పిల్ల చెల్లెలిలాగో, కూతురిలాగో, అద్దంలో తమ నీడలాగో ఉంటుంది. ఆశాపూర్ణ మాత్రం తన అమ్మమ్మను కన్నది. నిజం ఇంట్లో నాన్నమ్మ మూసిన తలుపుని తెరవడానికి, కథ ఇంట్లో ఒక అమ్మమ్మను వెనక్కి, వందేళ్ల వెనక్కి పంపించింది. రైళ్లు ఇంకా కొత్తగా ఉన్న కాలానికి, పసిపిల్లలకి పెళ్లిళ్లు చేసేసే గౌరీదానాల కాలానికి, ఏకాదశి నాడు చిన్నపిల్లలైన విధవలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని కాలానికి. తను పుట్టడానికి ముందే తన కోసం ఎవరో పోట్లాడి ఉండాలన్న ఆశ అది. పోట్లాడినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. అందుకని తానే రాసింది.

సత్యవతి అక్షరాలు నేర్చుకున్న తీరు చూడండి. నిత్యానందపురంలో ఆమె తండ్రి రామకాళి చటర్జీ పేరుమోసిన కవిరాజు, అంటే ఆయుర్వేద వైద్యుడు. ఇంటి నిండా జనం. మగపిల్లలు తాటాకుల మీద అక్షరాలు దిద్దుతుంటారు. సత్య ఆ తాటాకులు చూసి, ఎవరూ చెప్పకుండానే, తనూ రాయడం మొదలుపెడుతుంది. ఈ సంగతి బయటపడ్డప్పుడు ఆడవాళ్లు చెంపలు వాయించుకుంటారు. ఆడది అక్షరం ముడితే ఏమవుతుందో ఆ రోజుల్లో అందరికీ తెలుసు కదా, విధవ అవుతుంది! అంత భయంలో సత్య తండ్రి ముందు నిలబడి చాలా మామూలుగా వాదిస్తుంది. చదువుల తల్లి సరస్వతే ఆడది అయినప్పుడు ఆడవాళ్లు చదివితే తప్పేమిటని. రామకాళి అంతటివాడు జవాబు వెతుక్కుంటాడు.

ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు రెండు ఇళ్లు ఒకేసారి కనిపిస్తాయి. ఒకటి నిత్యానందపురంలో, ఒకటి ఉత్తర కలకత్తా సందులో. ఒక ఇంట్లో పిల్ల అడిగింది, రెండో ఇంట్లో పిల్ల అడగలేదు. అడగని పిల్లే పెద్దదై ఆ ప్రశ్నని ఇంకో పిల్ల నోట్లో పెట్టింది. ఆ పక్కనే ఒక తండ్రిని కూడా పెట్టడం గమనించాలి. ప్రశ్న వింటే కొట్టని తండ్రి. విని, ఆగి, ఆలోచించే తండ్రి. ఆశాపూర్ణ సొంత తండ్రి హరేంద్రనాథ్ గుప్త చిత్రకారుడు, నెమ్మదైన మనిషి. ఆ ఇంట్లో మాత్రం ఆడపిల్లల చదువు గురించి ఆఖరి మాట ఆయనది కాదు. రామకాళికి ఆమె ఇచ్చిన గాంభీర్యం, ఆ ఎత్తు, ఊరంతా వణికే ఆ గొంతు, ఇవన్నీ కూతురి ప్రశ్న ముందు తలవంచడం కోసమే ఇచ్చినట్టుంటుంది. అంత పెద్ద మనిషి తల వంచితేనే కదా ప్రశ్న బరువు తెలిసేది.

జీవితం నవలలోకి వెళ్లే దారి పాలు తోడుకున్నట్టుంటుంది. గిన్నెలో ఉన్నవి ఆ పాలే, బయటి నుంచి వచ్చింది ఒక్క చుక్క. తెల్లారేసరికి రూపు, రుచి, పేరు, అన్నీ మారిపోతాయి. ఆశాపూర్ణ కథలో ఆ చుక్క ఏదని ఎవరైనా అడిగితే, ఆమె తల్లి సరళాసుందరి అంటాను నేను.

సరళాసుందరికి పుస్తకం అంటే ప్రాణం. అత్తగారి కట్టుబాట్లను కాదనలేదు, కూతుళ్లను బడికి పంపలేకపోయింది. కానీ చదవడం మానలేదు. వంగీయ సాహిత్య పరిషత్తు నుంచి, చైతన్య లైబ్రరీ నుంచి ఆ ఇంటికి పుస్తకాలు వస్తూ పోతూ ఉండేవి. ప్రవాసి, భారతవర్ష లాంటి పత్రికలు వచ్చేవి. కొన్నాళ్లకి కుటుంబం ఉమ్మడి ఇంటి నుంచి వేరుపడి సొంత గూటికి చేరాక ఆమె చదువు ఇంకా స్వేచ్ఛగా సాగింది, ఆ గాలి కూతుళ్లకీ తగిలింది. బడి లేదు, పరీక్ష లేదు, పిల్లలకి ఏది తగును ఏది తగదు అని వేరు చేసే మాస్టారు లేడు. దొరికిందల్లా చదివారు. ఆడపిల్లని బడికి పంపకపోతే మూర్ఖురాలిగా మిగులుతుందని అనుకున్నవాళ్లకి ఆ ఇంటి పుస్తకాల సంచి సంగతి తెలియదు. పనంతా అయ్యాక పుస్తకంలో తలదూర్చిన తల్లిని చూస్తూ పెరిగిన పిల్లకి ఒకటి అర్థమై ఉంటుంది. ఈ ఇంట్లోనే ఇంకో ఇల్లుంది. దానికి తలుపులు బయటి నుంచి మూసే వీలు లేదు.

1922లో, పదమూడేళ్ల ఆశాపూర్ణ ఎవరికీ చెప్పకుండా ‘శిశుసాథీ’ పత్రికకి ఒక పద్యం పంపింది. అచ్చయింది. సంపాదకుడు ఇంకా రాయమని అడిగాడు. ఆ పద్యం పేరు ‘బాయిరేర్ డాక్’. బయటి నుంచి వచ్చే పిలుపు అన్నమాట. నాలుగు గోడల మధ్య కూర్చున్న పిల్ల తన మొదటి రచనకి అంతకంటే ఇంకేం పేరు పెడుతుంది! ఆ రోజుల్లోనే చెల్లెలు సంపూర్ణతో కలిసి రవీంద్రనాథ్ ఠాగూరుకి ఉత్తరం రాసింది. వాళ్లు కోరింది ఆశీస్సు కాదు, ఉపదేశం కాదు. ఆయన సొంత దస్తూరీతో తమ పేర్లు రాసి జవాబివ్వాలి, అంతే. జవాబు వచ్చింది. కవి చేతిరాతలో ఆ రెండు పేర్లు వచ్చాయి. బడి రిజిస్టరులో ఎక్కని పేర్లు ఆ కవరు మీదకి ఎక్కాయి. ఆ కవరు పట్టుకుని ఆ అక్కాచెల్లెళ్లు ఎంత ఎగిరారో ఊహించడం కష్టమేమీ కాదు.

1924లో, పదిహేనో ఏట, కాళిదాస్ గుప్తతో పెళ్లయింది. కృష్ణనగర్ అత్తవారిల్లు. ఆ తర్వాత మళ్లీ కలకత్తా, కాపురం, పిల్లలు, వంట, వచ్చేపోయే చుట్టాలు. భర్త ఆమె రాతకి అడ్డురాలేదు, అండగానే ఉన్నాడు. కానీ కలం పట్టుకోవాలంటే ఇంటి పని తెమలాలి. అందరూ తిన్నాక, అందరూ పడుకున్నాక మిగిలిన కాలమే ఆమె కాలం. ఆ మిగులులోంచి వందకు పైగా నవలలు, వందలాది కథలు, పిల్లల కోసం పుస్తకాలు వచ్చాయి. పెద్దల కోసం రాసిన తొలి కథ 1936లో వచ్చింది. సభలకి వెళ్లేది కాదు, సాహిత్య బృందాల్లో కనిపించేది కాదు. ఆ పేరుతో రాస్తున్నది ఎవరో మగ రచయిత అని చాలాకాలం కొందరు అనుకున్నారట. బెంగాలీ తప్ప ఇంకో భాష రాదు. ఇంగ్లీషు నవల చదివి కథానాయికను తెచ్చుకునే అవకాశమే లేదు ఆమెకి. ఉన్నదల్లా ఇల్లు. కిటికీ ఊచల్లోంచి వీధి. వంటింటి గడప. ఆ గడప మీద కూర్చుని కూరలు తరుగుతూ మాట్లాడుకునే ఆడవాళ్లు.

ఏం చూసిందో చూడండి ఆ గడప మీద నుంచి! సత్యవతి పుట్టింట్లో మోక్షద ఉంది. చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి. మడీ, ఆచారమూ తప్ప ఆమె చేతిలో ఇంకో ఆయుధం లేదు. ఆ ఒక్కటీ పట్టుకుని ఇల్లంతా గడగడలాడించింది. అంటు తగిలిందని స్నానం, ఆ స్నానానికి అంటు తగిలిందని ఇంకో స్నానం. ఇంకెవరైనా రాస్తే మోక్షద గయ్యాళి అయ్యేది, లేదా కన్నీళ్ల బొమ్మ అయ్యేది. ఆశాపూర్ణ ఆమెని రెండూ చెయ్యలేదు. బతుకులో దేని మీదా అధికారం లేని మనిషికి ఒక తడిగుడ్డ మీద అధికారం ఇస్తే ఆమె దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో రాసింది. సత్య అత్తగారు ఏలోకేశి నోరు విప్పితే నిప్పులు. పరస్త్రీ దగ్గరికి పోయే తన భర్తని పల్లెత్తు మాట అనదు, కోడలి తలలో లోపాలు వెతుకుతుంది. ఈ ఏలోకేశులు, మోక్షదలు పుస్తకాల్లో దొరకరు. ఉమ్మడి ఇంట్లో పుట్టి, మాట్లాడకుండా, కళ్లు మాత్రం తెరుచుకుని పెరిగినవాళ్లకే దొరుకుతారు. నాన్నమ్మ బడి మాన్పించింది సరే, ఆ ఇంటినే బడి చేసుకుందీ మనవరాలు. నిస్తారిణీదేవిని కూడా ఒక పాఠంగా చదువుకుంది. కోపంతో కాదు. శాసించే ముసలమ్మల వెనక ఎప్పుడో శాసనానికి లోబడ్డ చిన్నపిల్లలు ఉంటారని ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. నేను ఆమెకి మొక్కేది అక్కడే.

చక్రపాణిగారి అనువాదాల పుణ్యమా అని బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబు మనవాడే అనుకుని పెరిగిన తరాలు మన తెలుగునాట ఉన్నాయి. బెంగాలీ ఆడది అంటే మనకి విసనకర్ర పట్టుకుని మగవాడి కంచం పక్కన కూర్చున్న స్త్రీయే కళ్ల ముందు మెదులుతుంది. కళ్లనిండా నీళ్లు, గుండెనిండా ప్రేమ. శరత్ కరుణ తక్కువదని నేను అననే అనను. కానీ ఆ విసనకర్ర పట్టుకున్న చెయ్యి ఏం ఆలోచిస్తోందో, అది విసురుతున్న మనిషే చెప్పాలంటే ఆశాపూర్ణ దాకా ఆగాలి. సత్యవతి భర్తకి అన్నం పెడుతుంది. ప్రేమగానే పెడుతుంది. పెడుతూ, పట్నం వెళ్దాం, ఉద్యోగం చూసుకో, పిల్లలకి చదువు చెప్పిద్దాం అంటుంది. భర్త నవకుమార్ మంచివాడు, పిరికివాడు. జబ్బు చేసి ప్రాణం మీదికొస్తే కలకత్తా నుంచి తెల్లడాక్టరుని రప్పించి బతికించుకుందామె, అత్తవారి ఊరంతా నోళ్లు నొక్కుకుంటుంటే. కలకత్తా చేరాక ఆడవాళ్లకి చదువు చెప్పడానికి వెళ్లింది. ఇల్లు విడిచి వెళ్లిపోయిన శంకరి అనే విధవ కూతురు సుహాసిని దిక్కులేనిదైతే, తన ఇంటికి తెచ్చుకుని బెథూన్ బడిలో చదివించింది. 1849లో కలకత్తాలో ఆడపిల్లల కోసం పెట్టిన బడి అది. బడి ముఖం చూడని రచయిత్రి తన పిల్లలందరినీ బడికి పంపిస్తూనే ఉంది, గమనించారా! కథలో ఒక్కో పిల్లనీ ఆ గడప దాటిస్తుంటే ఆమె వేళ్లు ఎంత వేడెక్కి ఉంటాయో అనిపిస్తుంది నాకు.

ఇది ఒక్క ఆశాపూర్ణ కథే అనుకోవడానికి వీల్లేదు. సత్యవతి కాలంలోనే నిజంగా బతికిన రాససుందరీదేవి, కొడుకు రాసుకున్న తాటాకుని వంటింట్లో దాచుకుని, చైతన్య భాగవతం నుంచి విడదీసిన ఒక ఆకుతో పోల్చి చూసుకుంటూ, ముసుగు చాటున చదువు నేర్చుకుంది. తన బతుకుని తనే రాసుకుంది. మన దగ్గర భండారు అచ్చమాంబ, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుకి చదువు చెబుతుంటే పక్కన చేరి నేర్చుకుంది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసి, ముప్పయ్యో పడి మొదట్లోనే, 1905లో వెళ్లిపోయింది. పక్కన కూర్చుని, ఎదురుగా కూర్చుని, పొయ్యి దగ్గర కూర్చుని అక్షరాలు దొంగిలించిన ఆడవాళ్లందరి పోలికలూ సత్యవతిలో ఉన్నాయి. అచ్చమాంబని తలుచుకోకుండా సత్యవతి తాటాకు ఘట్టాన్ని చదవడం నా వల్ల కాదు.

ఇప్పుడు అసలు ఆశ్చర్యం దగ్గరికి వస్తాను. ఆశాపూర్ణ ఇల్లు విడిచిపెట్టలేదు. కొంగు తల మీద నుంచి జారనివ్వలేదు. పెళ్లిళ్లు, పేరంటాలు, పూజలు, అన్నీ వేళకి జరిపించిన గృహిణి. సత్యవతి మాత్రం వెళ్లిపోయింది. ఆమె కూతురు సువర్ణకి తొమ్మిదేళ్లు. ఆ పిల్లని చదివించాలని తల్లి కలలు కంటోంది. ఆమె కలకత్తాలో ఉండగా, నాన్న చెయ్యి పట్టుకుని పల్లెకి వెళ్లిన పిల్లకి, నాయనమ్మ ఏలోకేశి గుట్టుగా పెళ్లి చేసేసింది. తల్లికి చెప్పాపెట్టకుండా. నవకుమార్ కాదనలేకపోయాడు. సంగతి తెలుసుకున్న సత్యవతి ఏడవలేదు, అరవలేదు, పిల్లని చూడటానికి లోపలికి కూడా వెళ్లలేదు. వెనక్కి తిరిగింది. కాశీలో ఉన్న తండ్రి దగ్గరికి బయల్దేరింది. పుట్టింటి నీడ కోసం కాదు; అడగడానికి. ఇలా చేసిన పెళ్లి నిజంగా తెగనిదేనా అని, చిన్నప్పటి నుంచి పోగుపడిన ప్రశ్నలన్నీ మూటగట్టుకుని.

ఎన్నడూ గడప దాటని మనిషికి ఆ వెనుదిరగడం రాసే ధైర్యం ఎక్కడిది? చాలా రోజులు నేను ఈ ప్రశ్న చుట్టూ తిరిగాను. ఇప్పుడు నాకు తోస్తున్నది ఇది. వెళ్లిపోయినవాళ్లకి వెళ్లడం ఒక్కసారే జరుగుతుంది. ఉండిపోయినవాళ్లు ప్రతి పొద్దునా ఆ గడప దగ్గర నిలబడి, కాళ్లని వెనక్కి తిప్పుకుంటారు. గడప ఎత్తెంతో, అవతల మెట్లు ఎన్నో, మొదటి అడుగు ఏ కాలిదో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆశాపూర్ణ వెయ్యకుండా ఆపుకున్న అడుగులన్నీ సత్యవతి ఒక్కసారిగా వేసింది. అందుకే ఆ నడకలో అంత వేగం. మరి తను ఎందుకు వెళ్లలేదంటారా? తనకి వెళ్లాల్సిన అవసరం అంతగా రాలేదు. తన భర్త నవకుమార్ కాదు. రాత్రిళ్లు కలం పట్టుకునే చోటు తన ఇంట్లో తనకి దొరికింది. తనకి దొరికిన ఆ చోటు దొరకని ఆడవాళ్ల సంగతే ఆమెని నిద్రపోనివ్వలేదు.

సువర్ణలత అలాంటిదే. ఆ మనిషిని తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. తల్లి వెళ్లిపోయింది, పిల్ల అత్తవారింట్లో మిగిలిపోయింది. కలకత్తా దర్జీపాడా సందులో ఇరుకిల్లు, అత్త ముక్తకేశి, భర్త ప్రబోధ్, తోడికోడళ్లు. వెళ్లిపోయినదాని కూతురు అన్న ఎత్తిపొడుపు జీవితాంతం. ఆమె కోరుకున్నది ఏమిటో తెలుసా? ఒక వరండా. కొత్తిల్లు కడుతున్నారంటే, వీధి వైపు ఒక వరండా పెట్టించమని భర్తని బతిమాలింది. అక్కడ నిలబడితే మనుషులు కనిపిస్తారు, ఊరేగింపులు కనిపిస్తాయి, ప్రపంచం కదులుతూ కనిపిస్తుంది. పెట్టిస్తానన్నాడు. ఇల్లు పూర్తయింది. వరండా లేదు. ఒక నవల మొత్తానికి సరిపోయే దుఃఖం ఒక వరండా లేకపోవడంలో ఉందని కనిపెట్టాలంటే, కిటికీ ఊచలు పట్టుకుని వీధిని చూసిన చిన్నతనం ఒకటి ఉండి తీరాలి. స్వదేశీ ఉద్యమం రోజుల్లో సువర్ణ ఇంట్లో విదేశీ బట్టలకి నిప్పు పెట్టింది. పుస్తకాల కోసం అలమటించింది. పిల్లల మీద పిల్లల్ని కని, మధ్యలో దొంగచాటుగా తన కథ తను రాసుకుంది. చుట్టం నడిపే ప్రెస్సులో అచ్చు వేయించింది కూడా. తప్పుల తడకగా వచ్చింది ఆ అచ్చు. సొంత కొడుకులే నవ్వారు. ప్రతులన్నీ డాబా మీదికి మోసుకెళ్లి తగలబెట్టింది.

ఆ మంట దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చోవాల్సి వస్తుంది. పదమూడేళ్లకి మొదటి పద్యం అచ్చులో చూసుకున్న అదృష్టవంతురాలు ఈ ఘట్టం రాసింది. సంపాదకుడు ఇంకా పంపమని అడిగిన పిల్ల, కవి జవాబు అందుకున్న పిల్ల. తనకి దక్కిందేమిటో తెలిసిన మనిషే, అది దక్కకపోతే ఎలా ఉంటుందో అంత కచ్చితంగా ఊహించగలదు. పుస్తకాలు చదివీ చదివీ, ఒక్క మాటా రాయకుండా వెళ్లిపోయిన సరళాసుందరి లాంటి తల్లులు ఎందరో. వాళ్లు రాసి ఉంటే ఏమై ఉండేదో ఆ డాబా మీద చూపించింది. సువర్ణలో కూతురి జీవితం కంటే తల్లి ఆకలే ఎక్కువ కనిపిస్తుంది నాకు.

ఇక బకుళ. అనామికాదేవి అన్న పేరుతో రాస్తుంది. పెళ్లి చేసుకోలేదు. పక్కింటి నిర్మల్ మీద పెంచుకున్న ప్రేమ నోరు విప్పకుండానే ముగిసిపోయింది. పైకి చూస్తే ఆశాపూర్ణకి అందరికంటే దగ్గరిది ఈమే కావాలి, ఇద్దరూ రచయిత్రులు కదా. కానీ భర్త, పిల్లలు, కాపురం ఉన్న రచయిత్రి తన కలాన్ని ఒంటరి మనిషి చేతికిచ్చి, తన కాపురాన్ని ఇవ్వకుండా ఆపేసింది. బకుళకి అక్క ఉంది, పారుల్. చందన్‌నగర్‌లో గంగ ఒడ్డున ఒక్కతే ఉంటుంది. పద్యాలు రాసుకుంటుంది, ఎవరికీ చూపించదు. ఆశాపూర్ణ, సంపూర్ణ కలిసి ఉత్తరం రాసిన ఆ పాత రోజులు గుర్తొస్తాయి ఇక్కడ. ఇద్దరు అక్కాచెల్లెళ్లు, రెండు కలాలు, ఒకటి లోకానికి, ఒకటి తనకి మాత్రమే. బకుళ నెమ్మది, ఆ కొంచెం దూరంగా నిలబడి చూసే చూపు, ఎవరినీ తొందరపడి తీర్పు చెప్పని స్వభావం రచయిత్రివే అనుకుంటాను. మంట సత్యకి, వెలితి సువర్ణకి ఇచ్చేసి, చూపుని బకుళ కోసం ఉంచుకుంది.

‘ప్రథమ ప్రతిశ్రుతి’కి 1976లో జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. అది అందుకున్న తొలి మహిళ ఆశాపూర్ణాదేవి. అదే ఏడు పద్మశ్రీ. తర్వాత విశ్వవిద్యాలయాలు డాక్టరేట్లు ఇచ్చాయి. 1995 జూలై 13న కన్నుమూసేదాకా ఆమె రాతలో అలసట కనిపించదు.

బిరుదుల కంటే నన్ను ఎక్కువగా కదిలించేది ‘బకుల్ కథ’లో ఆమె తీసుకున్న ఒక నిర్ణయం. బకుళ ఇంట్లో శంప అనే అమ్మాయి ఉంది. బకుళకి మేనకోడలు, సత్యవతికి మునిమనవరాలు. చదువుకుంది, నచ్చినవాణ్ని ప్రేమించింది, తండ్రితో మాటా మాటా వచ్చి ఇంట్లోంచి వెళ్లిపోయింది. సత్యవతి ఒక జన్మంతా పోరాడి వేసిన అడుగుని ఈ పిల్ల చెప్పులేసుకున్నంత తేలిగ్గా వేసింది. మిగతా రచయితలైతే ఇక్కడ రెండే పనులు చేసేవారు: జెండా ఎగరేసేవారు, లేకపోతే ఈ కాలం పిల్లలకి విలువ తెలియదని నిట్టూర్చేవారు. అరవై దాటిన ఆశాపూర్ణ ఏదీ చెయ్యలేదు. బకుళని శంప ఎదుట నిలబెట్టి, ఆమెని తికమకపడనిచ్చింది. మేం అడిగింది ఇదేనా, ఇంతకంటే ఎక్కువా, తక్కువా అని బకుళ తనలో తను మథనపడుతుంది, ఆ పిల్లని మాత్రం ప్రేమిస్తూనే ఉంటుంది. ఇల్లు వదిలిన శంపకి చందన్‌నగర్‌లో పారుల్ తలుపు తెరుస్తుంది. ఎందుకొచ్చావని అడగదు. వెళ్లిపోయిన సత్యవతిని ఆ కాలంలో ఏ ఆడమనిషీ అలా లోపలికి పిలవలేదు.